చేపను తరలిస్తే చెరువు ఋణం తీరుతుందా?

ఒక చెరువు నీళ్లు విషంగా మారాయి. అందులో పుట్టి పెరిగిన చేపలు కొన్ని ఇంకా ప్రాణాలతో ఉన్నాయి. ఎవరో దయగలవారు వచ్చి, వాటిని జాగ్రత్తగా పట్టి, దూరంగా ఉన్న మంచినీటి చెరువులో వదిలారనుకుందాం. అది సత్కార్యమేనా?

ఈ ప్రశ్నకు ఎవరైనా వెంటనే "అవును" అనే అంటారు. మూగజీవి ప్రాణం కాపాడటం సత్కార్యం కాక మరేమవుతుంది? అయితే కాస్త నిదానించి ఆలోచిస్తే ఆ ఒక్క ప్రశ్న వెనుక మరికొన్ని ప్రశ్నలు కనిపిస్తాయి. ఆ చేపలు కొత్త నీళ్లలో బతుకుతాయా? అక్కడ ముందు నుంచీ ఉన్న జీవుల గతి ఏమిటి? అన్నిటికంటే ముఖ్యంగా, చేపలు వెళ్లిపోయాక ఆ పాత చెరువు సంగతేమిటి? దానిని పాడు చేసినవారి లెక్క అంతటితో సరిపోయినట్లేనా?

ఇది చేపల శాస్త్రం చదివినవారు తేల్చుకోవలసిన విషయం, మనకెందుకు అని కొందరు అనుకోవచ్చు. కాని సంగారెడ్డి, పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, జిన్నారం పరిసరాల్లో నివసించే కుటుంబాలకు ఇది పరాయి విషయం కాదు. ఆ నీళ్ల పక్కనే మన ఇళ్లున్నాయి, మన మస్జిదులున్నాయి. ఆ ఫ్యాక్టరీల జీతంతోనే మనలో చాలామంది ఇళ్లలో పొయ్యి వెలుగుతోంది. కనుక ఈ ప్రశ్నను ధర్మం దృష్టితో పరిశీలించటం అవసరమని మేము భావిస్తున్నాము.

మన కళ్లముందున్న నీళ్లు

పటాన్‌చెరు పారిశ్రామికవాడ 1970లలో రూపుదిద్దుకుంది. మందుల తయారీ సంస్థలు, రసాయన కర్మాగారాలు ఒకదాని వెంట ఒకటి వెలిశాయి. వాటి వ్యర్థజలాలు ఇసుకవాగులో పడ్డాయి. ఇసుకవాగు నక్కవాగులో కలుస్తుంది. నక్కవాగు మంజీరలో కలుస్తుంది. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీర, బీదరు మీదుగా సంగారెడ్డి జిల్లాలోకి వచ్చి, నిజామాబాద్ జిల్లా కందకుర్తి దగ్గర గోదావరిని చేరుతుంది. అంటే మన వాగులో పడిన విషం మన ఊరి పొలిమేరలోనే ఆగిపోయేది కాదు.

ఈ కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలయింది. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ కిషన్‌రావు వంటివారు దశాబ్దాలపాటు ఈ పోరాటంలో నిలిచారు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తల బృందం ఒకటి ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటి పరీక్ష ఫలితాలను ప్రకటించింది. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు ఆ కేంద్రానికి చేరేవి. శుద్ధి చేసి వదిలిన నీటిలోనే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్లు తేలింది. ఆ మందు వేసుకుంటున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ! 2009లో వెలువడిన మరో అధ్యయనం ప్రకారం, అలాంటి నీరు మంచినీటిలో కేవలం 0.2 శాతం కలిసినా కప్పపిల్లల ఎదుగుదల 40 శాతం తగ్గిపోయింది. 2017లో గండిగూడెం చెరువులో చేపలు గుట్టలుగా చచ్చి ఒడ్డుకు కొట్టుకువచ్చిన దృశ్యాన్ని ఈ ప్రాంతం వారు ఇంకా మరచిపోలేదు.

ఇలాంటి సంఘటన జరిగినప్పుడల్లా రెండు మాటలు వినబడతాయి. ఒకటి, నష్టపరిహారం ఇవ్వాలన్నది. రెండవది, మిగిలినవాటినైనా మరో చోటికి తరలిద్దామన్నది. మొదటి మాట మత్స్యకారుల హక్కుకు సంబంధించినది. దాని న్యాయం గురించి సందేహం లేదు. రెండవ మాటను ఇప్పుడు పరిశీలిద్దాం.

ఎడారి ఊటలు చెప్పే పాఠం

చేపలను ఒక చోటి నుంచి మరో చోటికి తరలించి, అక్కడ వాటి సంతతిని స్థిరపరచటం అనే ప్రశ్న అన్నిటికంటే తీవ్రంగా ఎదురయ్యేది ఎడారులలో. ఎడారిలో ఒక నీటి ఊటలో ఉన్న చేపకు పారిపోవటానికి మరో ఏరు ఉండదు. ఊట ఎండితే దాని వంశమే అంతరిస్తుంది.

అమెరికాలోని కాలిఫోర్నియాలో ఓవెన్స్ లోయ అనే ఎండుభూమి ఉంది. అక్కడి ఊటల్లో చిటికెనవేలంత చేప ఒకటి నివసించేది. 1940ల నాటికి అది అంతరించిందనే అనుకున్నారు. 1964లో ఒక చిన్న మడుగులో మళ్లీ కనిపించింది. 1969 ఆగస్టులో ఆ మడుగు హఠాత్తుగా ఎండిపోసాగింది. మత్స్యశాఖలో పనిచేస్తున్న ఫిల్ పిస్టర్ అనే ఉద్యోగి పరుగున వెళ్లి, మిగిలిన సుమారు 800 చేపలను రెండు బకెట్లలో ఎత్తి మరో ఊటకు మోసుకుపోయారు. ఆ కొద్దిసేపు భూమి మీద ఆ జాతి అంతా ఒక మనిషి రెండు చేతుల్లో ఉంది. ఆయన కాలు జారితే దాని కథ ముగిసిపోయేదే! అల్లాహ్ దయవల్ల ఆ జాతి నేటికీ బతికి ఉంది.

జోర్డాన్ దేశంలో, రాజధాని అమ్మాన్‌కు తూర్పున ఎడారి మధ్య అజ్రఖ్ అనే ఒయాసిస్సు ఉంది. శతాబ్దాలుగా వలసపక్షులకూ, ఒంటెల బిడారులకూ అది విడిది. నగరాల దాహం తీర్చటానికి పంపులతో ఆ నీటిని విపరీతంగా తోడుకోవటంతో 1992 నాటికి దాని ఊటలు ఎండిపోయాయి. ఆ ఒయాసిస్సులో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని చిన్న చేప ఒకటి అక్కడ ఉండేది. ఆ దేశపు ప్రకృతి పరిరక్షణ సంస్థ 2000 సంవత్సరం నుంచి మిగిలిన కొద్ది చేపలను వెతికి పట్టి, వేరే తొట్లలో పెంచి, కొంత మేరకు తిరిగి నీరు నింపిన మడుగుల్లోకి వదిలింది. చేప నిలిచింది. కాని ఒయాసిస్సు పాత వైశాల్యంలో పదో వంతును తిరిగి తేవటమే ఆ సంస్థ పెట్టుకోగలిగిన లక్ష్యం. చేపను కాపాడటం కంటే నీటిని కాపాడటం ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ సంఘటనలు వింటున్నప్పుడు ఒక విశ్వాసికి హజ్రత్ నూహ్ (అలైహిస్సలాం) గుర్తుకు రాకుండా ఉండరు. మనుషుల దుష్కృత్యాల మూలంగా జలప్రళయం వచ్చినప్పుడు, జీవుల్లో ప్రతి రకం నుంచీ ఒక్కో జంటను నావలోకి ఎక్కించుకోవలసిందిగా అల్లాహ్ ఆయనను ఆదేశించాడు. ప్రాణులను ఒక చోటి నుంచి మరో చోటికి చేర్చి వాటి సంతతిని నిలపటం దైవాజ్ఞతో ఒక ప్రవక్త చేసిన పని. కనుక అలా తరలించటం సృష్టిలో జోక్యం చేసుకోవటమని, అది తగదని అనటం సరికాదు.

అయితే ఆ వృత్తాంతంలో మరో అంశం కూడా ఉంది. నావ ఎప్పటికీ నీళ్ల మీదే తేలుతూ ఉండలేదు. నీళ్లు ఇంకిపోయాక జూదీ కొండ మీద ఆగింది. నావ ఇల్లు కాదు. ఇంటికి చేర్చే సాధనం మాత్రమే. మన చర్చకు ఇదే మూలసూత్రం. ప్రాణిని తరలించాలనుకున్నవాడు మూడు హక్కులను గుర్తుపెట్టుకోవాలి.

మొదటి హక్కు: ప్రాణిది

మొదటి హక్కు తరలిపోతున్న ప్రాణిది. ఒక ప్రయాణంలో కొందరు సహచరులు ఒక పక్షి పిల్లలను పట్టుకోగా, తల్లిపక్షి తల్లడిల్లటం చూసి దైవప్రవక్త (స) ఆ పిల్లలను దానికి తిరిగి అప్పగించమని ఆదేశించారని హదీసు గ్రంథాల్లో ఉంది. పిల్లిని కట్టేసి, తానూ మేత పెట్టక, నేల మీద దొరికేదాన్ని తిననివ్వక చంపిన స్త్రీ శిక్షకు గురైందన్న హదీసు కూడా మనకు తెలిసిందే. గమనించండి! ఆ స్త్రీ నేరం పిల్లిని కొట్టటం కాదు. దానికీ, దాని జీవనోపాధికీ మధ్య అడ్డు నిలవటం. చేప బతికే నీటిని విషం చేయటం దీనికంటే భిన్నమైన పనేమీ కాదు.

కనుక చావుబతుకుల మధ్య ఉన్న జీవిని తీసి బతికే చోట వేయటం మంచిపనే. కాని ఆ మంచిపనికి దయ ఒక్కటే సరిపోదు, జ్ఞానం కూడా కావాలి. చేపను బకెట్లో వేసి తీసుకెళ్లి గుమ్మరిస్తే అది బతుకుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. నీటి వేడిలో తేడా ఉంటే దానికి దెబ్బ తగులుతుంది. ఆక్సిజన్ తగ్గితే దారిలోనే ప్రాణం పోతుంది. నాలుగైదు చేపలను వదిలితే వాటి సంతతి కొన్ని తరాలకే బలహీనపడుతుంది. గుడ్లు పెట్టటానికి అనువైన ఒడ్డు, గడ్డి, ఇసుక అక్కడ ఉండాలి.

అమెరికాలోని నెవాడా ఎడారిలో ఒకే ఒక్క లోతైన నీటి బిలంలో నివసించే చేపజాతి ఉంది. ఆ నీరు ఎప్పుడూ 33 డిగ్రీల చుట్టూ వెచ్చగా ఉంటుంది. ముందుజాగ్రత్తగా 1972లో వాటిలో కొన్నింటిని హూవర్ ఆనకట్ట దిగువన ఒక తొట్టికి తరలించారు. అవి బతికాయి, పిల్లలను పెట్టాయి. కాని కొన్ని తరాల్లోనే వాటి ఒంటి తీరు మారిపోయింది. పరిమాణం పెరిగింది, శరీరం వెడల్పయింది. ప్రాణిని మనం తీసుకెళ్లగలిగాం గాని, దాన్ని అలా మలచిన చోటును తీసుకెళ్లలేకపోయాం.

మన తెలంగాణలోనే దీనికి చక్కని ఉదాహరణ ఉంది. హైదరాబాదులోని శాస్త్రవేత్తలు, నెహ్రూ జంతుప్రదర్శనశాల, అటవీశాఖ కలిసి 2010లో మూషిక జింకల పెంపకం ప్రారంభించారు. వాటిని నల్లమలలోని అమ్రాబాద్ అడవిలో తిరిగి స్థిరపరచటం వారి ఉద్దేశం. అయితే జూలో పుట్టిన జింకను లారీలో తెచ్చి అడవిలో వదిలేయలేదు. అడవిలోనే కంచె వేసిన స్థలంలో కొంతకాలం ఉంచి, అక్కడి ఆకు, గాలి, చప్పుడు అలవాటయ్యాకే వదిలారు. ఏ పని చేసినా దానిని చక్కగా చేయాలని మనకు నేర్పిన ఇహ్సాన్ ఇలాంటి చోట కూడా వర్తిస్తుంది.

రెండో హక్కు: స్వీకరించే నీటిది

మనం ఒకరిని కాపాడి మరొకరి ఇంట్లో దించేటప్పుడు, ఆ ఇంటివారి సంగతి కూడా ఆలోచిస్తాం. చేపల విషయంలో ఈ మాట ఎవరికీ గుర్తు రాదు. నీళ్లున్నాయంటే చాలు, ఖాళీగా ఉన్నాయనుకుంటాం. కాని ఏ చెరువూ ఖాళీగా ఉండదు. దివ్య ఖుర్ఆన్ జంతువులను, పక్షులను మనలాంటి సమాజాలుగానే పేర్కొంటుంది (6:38). చెరువులో కూడా అలాంటి సమాజమే ఉంటుంది.

కావేరి నదిలో జరిగినదాన్ని చూడండి. అక్కడ మూపురం ఉన్న ఒక మహసీర్ చేప ఉండేది. అది ఆ నదీవ్యవస్థలో తప్ప మరెక్కడా లేదు. మహారాష్ట్రలోని లోనావలాలో 1970ల నుంచి దక్కను మహసీర్ అనే మరో జాతి పిల్లలను పెంచి నదుల్లో వదిలే కార్యక్రమం మొదలయింది. తగ్గిపోతున్న చేపను పెంచాలన్నదే వారి ఉద్దేశం. ఆ పిల్లలు కావేరిలోకీ చేరాయి. పోటీకి తట్టుకోలేక కావేరి సొంత మహసీర్ కుంచించుకుపోయింది. 2018లో దానిని అంతరించిపోయే తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. వదిలినవారి సంకల్పం చెడ్డది కాదు. కాని పర్యవసానం ఆ సంకల్పాన్ని అడిగి రాలేదు.

దోమల నివారణకని దేశమంతటా చెరువుల్లో వదిలిన గంబూసియా చేప సంగతి కూడా అంతే. హైదరాబాదు చెరువుల్లోనూ దానిని వదులుతూ వచ్చారు. అది దోమ పిల్లలతో ఆగదు. స్థానిక చేపల గుడ్లనూ, పిల్లలనూ తింటుంది. ఇళ్లలోని గాజుతొట్ల నుంచి బయటపడిన దక్షిణ అమెరికా సక్కర్ చేప నేడు కృష్ణా, గోదావరి ప్రాంతాల మత్స్యకారుల వలలు చింపుతోంది. వారు దానికి పెట్టిన పేరు దెయ్యం చేప. అనుమతి లేకున్నా కొందరు రహస్యంగా పెంచిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్ వరదలకు చెరువులు చేరి దొరికినదల్లా తింటోంది.

ఒక హానిని తొలగించటానికి మరో హానిని తెచ్చిపెట్టకూడదన్నది ఫిఖ్హ్ పండితుల ప్రసిద్ధ సూత్రం. ఈ సూత్రం చెరువుకూ వర్తిస్తుంది. ఒక చేపకు ఇల్లు చూపిస్తూ మరో చేప ఇల్లు కూల్చితే దాన్ని కారుణ్యం అనలేము.

మూడో హక్కు: వదిలివచ్చిన నీటిది

అన్నిటికంటే ఎక్కువగా మరచిపోయే హక్కు ఇదే. మొదటి రెండింటికీ శాస్త్రజ్ఞుల సలహాతో సమాధానం దొరకవచ్చు. మూడవది మన అంతరాత్మకు సంబంధించినది.

ఒకడు పొరుగువాని ఇంట్లోకి మురుగు వదిలాడు. ఆ ఇల్లు నివాసానికి పనికిరాకుండా పోయింది. తర్వాత అతడు పొరుగువాని పిల్లలను వేరే వీధిలో ఒక గదిలో దించి, "నీ పిల్లలు క్షేమంగా ఉన్నారు కదా, ఇక లెక్క సరిపోయింది" అన్నాడనుకోండి. ఏ ఖాజీ అయినా దీనిని అంగీకరిస్తాడా? ఇతరుల హక్కు కాజేసినవాని తౌబా, ఆ హక్కును తిరిగి చెల్లించనిదే పూర్తి కాదని మన పండితులంతా చెబుతారు. పశ్చాత్తాపం నోటితో అయిపోదు. తీసుకున్నది తిరిగి ఇవ్వాలి. లేదా ఇవ్వటానికి శక్తి మేరకు ప్రయత్నించాలి.

మన పారిశ్రామికవాడ చరిత్రలో ఈ విషయం స్పష్టంగా కనిపిస్తుంది. ఇసుకవాగులో పడుతున్న వ్యర్థజలాలను ఏం చేయాలన్న వివాదం ముదిరినప్పుడు, పటాన్‌చెరు నుంచి సుమారు 18 కిలోమీటర్ల గొట్టపుమార్గం వేసి, ఆ నీటిని హైదరాబాదు మురుగు కాలువతో కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి చేర్చారు. అక్కడి నుంచి అది చేరేది మూసీ నదికి. వాగుకు కొంత ఊరట కలిగి ఉండవచ్చు. కాని భారం ఒక చోటి నుంచి మరో చోటికి, ఒక ఊరి మనుషుల నుంచి మరో ఊరి మనుషులకు మారింది. విషాన్ని తరలించాం. చేపలను కూడా తరలిద్దామంటున్నాం. మారకుండా ఉన్నచోటే ఉండిపోయింది ఒక్కటే, మన అలవాటు!

ఇంతకుముందు చెప్పుకున్న నెవాడా ఎడారి చేప కథలో రెండో భాగం ఇక్కడ పనికివస్తుంది. ఆ బిలానికి దగ్గరలోని వ్యవసాయ క్షేత్రం భూగర్భజలాన్ని తోడుతుండటంతో బిలంలో నీటిమట్టం పడిపోయింది. వివాదం అమెరికా సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. చేపలను మరో చోటికి మార్చుకోండి అని న్యాయస్థానం చెప్పలేదు. చేప బతకటానికి అవసరమైన మట్టం కంటే నీరు తగ్గకుండా తోడకాన్ని పరిమితం చేయాలని 1976లో తీర్పునిచ్చింది. తొట్టిలోకి మార్చిన చేపలు ఒంటి తీరు మార్చుకున్నాయి. నీటిని కాపాడిన చోట చేపలు, సంఖ్య ఎంత తగ్గినా, నేటికీ తమ సొంత రూపంతోనే ఉన్నాయి. బకెట్ ఆపదలో ఆదుకోవచ్చు. న్యాయం మాత్రం నీటి వద్దనే జరగాలి.

కొన్ని సందేహాలు

కొందరు ఇలా అనవచ్చు: "చేప మనకు హలాల్ ఆహారం. రేపు వండుకుని తినబోయేదాని గురించి ఇంత చర్చ ఎందుకు?" నిజమే, సముద్రపు, నదుల ఆహారం అల్లాహ్ మనకు ప్రసాదించిన అనుగ్రహం. కాని తినటానికి అనుమతించటం వేరు, నాశనం చేయటానికి అనుమతించటం వేరు. అతిథికి భోజనం పెట్టిన యజమాని, అతడు వంటగదిని తగలబెడితే ఊరుకుంటాడా? అనుగ్రహాన్ని అనుభవించే హక్కు దాన్ని అనుగ్రహంగానే ఉంచే బాధ్యతతో కలిసి వస్తుంది.

మరికొందరి సందేహం: "ఫ్యాక్టరీలు లేకపోతే మా పిల్లలకు అన్నం ఎవరు పెడతారు?" ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేము. ఆ బాధ నిజమైనది. కాని ఎంపిక చేపకూ జీతానికీ మధ్య కాదు. వ్యర్థజలాన్ని శుద్ధి చేయటానికి అయ్యే ఖర్చు ఎవరు భరించాలన్నదే అసలు ప్రశ్న. యాజమాన్యం ఆ ఖర్చు మిగుల్చుకుంటే, దానిని వాగు చెల్లిస్తుంది, వల వేసే మత్స్యకారుడు చెల్లిస్తాడు, బోరునీళ్లు తాగే తల్లి చెల్లిస్తుంది. ఇతరుల హక్కు నుంచి మిగుల్చుకున్న లాభంలో బర్కత్ ఎలా ఉంటుంది?

ఇంకొందరు, "ప్రతి ప్రాణికీ ఆహారమిచ్చేది అల్లాహ్. ఆయన చూసుకుంటాడు" అంటారు. ఆయన చూసుకుంటాడనటంలో విశ్వాసికి సందేహం లేదు. కాని ఒంటెను కట్టివేసి ఆ పైన దైవం మీద భారం వేయాలన్నది ప్రవక్త (స) బోధ. తాడు మనమే కోసేసి, ఒంటె ఏమైందని అల్లాహ్‌ను అడగటం తవక్కుల్ అనిపించుకోదు.

మన దారి: తీసుకుపోవటం కాదు, తిరిగి తీసుకురావటం

ఇప్పుడు మన ప్రాంతానికి తిరిగివద్దాం. ఓవెన్స్ లోయ చేపకూ, అజ్రఖ్ చేపకూ మరో చోటు లేదు. అందుకే వాటిని మోసుకుపోవలసి వచ్చింది. మన ఇసుకవాగు, నక్కవాగుల పరిస్థితి అది కాదు. పరకలు, జెల్లలు, వాలుగలు, బొమ్మిడాయిలు, మన తెలంగాణ రాష్ట్ర చేపగా గుర్తింపు పొందిన కొర్రమీను ఈ ఒక్క వాగుకే పరిమితమైనవి కావు. దక్కనులోని ఇతర నీళ్లలోనూ ఉన్నాయి. కనుక ఇక్కడ జాతి అంతరించిపోతుందన్న భయంతో చేపలను బయటికి మోసుకుపోవలసిన అగత్యం లేదు. ఇక్కడ పోయింది జాతి కాదు, చోటు. ఇక్కడ కావలసింది చేపలను తీసుకుపోవటం కాదు, చోటును బాగుచేసి చేపలను తిరిగి తీసుకురావటం.

అది సాధ్యమేనా? మంజీరలోనే దానికి ఆధారం ఉంది. దేశంలో మొసళ్లు తగ్గిపోతున్నాయని 1975లో ఒక పథకం ప్రారంభమయింది. గుడ్లు సేకరించి, పొదిగించి, పిల్లలను కొంత ఎదిగేదాకా పెంచి నదుల్లో, జలాశయాల్లో వదలటం దాని పద్ధతి. మంజీరలో 1978లో అభయారణ్యాన్ని ఏర్పాటు చేసింది ప్రధానంగా మొసళ్ల కోసమే. సంగారెడ్డికి దగ్గరలోని ఆ నీళ్లలో నేటికీ మొసళ్లు ఎండ కాగుతూ కనిపిస్తాయి. 1965 నుంచి హైదరాబాదుకు తాగునీరు అందిస్తున్నదీ ఆ నీళ్లే. అంటే మనిషి తాగే నీరు, మొసలి బతికే నీరు, చేప పెరిగే నీరు ఒకటిగా ఉండగలవు. కాపలా ఉన్నచోట అవి ఉన్నాయి కూడా. అదే జిల్లాలో, కొద్ది దూరంలో, కాపలా లేని నీరు గతి తప్పింది.

ప్రభుత్వం 2016 నుంచి చెరువుల్లో చేపపిల్లలను ఉచితంగా వదిలే కార్యక్రమం చేపట్టింది. బొచ్చె, రవ్వ వంటి చేపలతో మత్స్యకారులకు ఉపాధి కల్పించటం దాని లక్ష్యం. అది మంచిదే, కాని అది పంట వేయటం లాంటిది. ఏటా విత్తనం చల్లాలి, ఏటా కోయాలి. మేము చెబుతున్నది వేరు. స్థానిక చేప ఎవరూ చల్లకుండా తనంతట తాను గుడ్లు పెట్టి, పిల్లలను చేసి, తరాలు నిలిచేలా చూడటం. విత్తనం వేయటానికి మంచి సంవత్సరం ఒకటి చాలు. సంతతి నిలవటానికి నీరు అన్ని రుతువుల్లోనూ నీరుగానే ఉండాలి.

అందుకు ఒక క్రమం ఉంది. ముందు విషం ఆగాలి. తర్వాత నీటినీ, అడుగున పేరుకున్న బురదనూ వానకాలంలోనూ, ఎండాకాలంలోనూ పరీక్షించాలి. ఆ తర్వాతే అదే మంజీర పరీవాహకంలోని శుభ్రమైన ఎగువ నీళ్ల నుంచి స్థానిక చేపలను తగిన సంఖ్యలో తెచ్చి వదలాలి. ఆ చెరువుల మీద తరతరాల హక్కున్న ముదిరాజ్, గంగపుత్ర సోదరుల అనుభవాన్ని, సమ్మతిని తీసుకోవాలి. నీరు బాగుపడకముందే చేపలను వదిలితే అది కారుణ్యం కాదు, ఇంకోసారి చంపటం.

ఈ క్రమంలో చేపకు మరో గౌరవం కూడా లభిస్తుంది. అది సాక్షి అవుతుంది. కాగితాల మీద "నీరు శుద్ధి అయింది" అని ఎవరైనా రాయవచ్చు. పరక పిల్ల అబద్ధం ఆడదు. అది వచ్చి, నిలిచి, గుడ్లు పెట్టిందంటే చెరువు ఋణం తీరటం మొదలయిందని అర్థం. అంతదాకా లెక్క తెరిచే ఉంటుంది.

మనం చేయగలిగింది

ఇంత పెద్ద పని మన చేతిలో లేదని నిరాశపడనవసరం లేదు. ఖలీఫాగా భూమి మీద నియమితుడైన మానవునికి అతని శక్తి మేరకే బాధ్యత ఉంటుంది. ఆ శక్తి మేరకైనా చేయాలి కదా.

ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలను మోరీలో, కాలువలో పారవేయకండి. డాక్టరు రాయకుండా వాటిని వాడకండి. పిల్లలు పెంచి విసిగిన గాజుతొట్టి చేపను జాలితో చెరువులో వదలకండి. కావలసినవారికి ఇవ్వండి, లేదా కొన్న దుకాణానికే తిరిగి అప్పగించండి. ఫ్యాక్టరీల్లో పనిచేసే సోదరులారా! రాత్రి చీకట్లో ట్యాంకరును వాగులో ఖాళీ చేయమని ఎవరైనా చెబితే, అది కేవలం యాజమాన్యం పాపమని సరిపెట్టుకోకండి. పాపకార్యంలో సహకరించరాదన్నది అందరికీ వర్తించే ఆజ్ఞ. ఉద్యోగానికి భయమైతే మస్జిదు కమిటీ పెద్దలతో, గ్రామ పెద్దలతో, కాలుష్య నియంత్రణ మండలితో ఆ మాట చేరవేయటానికి దారులున్నాయి. ఈ నీళ్లు ఒక్క మతం వారివి కావు. నీటి విషయంలో ప్రజలంతా భాగస్వాములన్నది ప్రవక్త (స) బోధ. హిందూ సోదరులతో కలిసి చెరువు గట్టు మీద నిలబడటం కూడా దీన్‌లో భాగమే.

యూఫ్రటీస్ ఒడ్డున ఒక మూగజీవి చనిపోయినా తాను జవాబు చెప్పుకోవలసి వస్తుందేమోనని హజ్రత్ ఉమర్ (రజి) భయపడేవారని ప్రసిద్ధి. ఆయన మదీనాలో ఉన్నారు, యూఫ్రటీస్ ఎన్నో రోజుల ప్రయాణం దూరంలో ఉంది. మనకు నక్కవాగు మన గడపకు దగ్గరలోనే ఉంది.

ప్రాణిని కాపాడే దయను, ఆ దయ పెడదారి పట్టకుండా జ్ఞానాన్ని, పాడు చేసినదాన్ని బాగుచేసే పట్టుదలను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! మన పిల్లలు ఇసుకవాగు నీళ్లలో చేయి పెట్టినప్పుడు వారి వేళ్ల మధ్య పరకపిల్లలు మెరిసే రోజును మనకు చూపించుగాక! ఆమీన్.